మొదటి కాష్ దాచే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఫర్ చెట్టు తొర్రలో డబ్బా, దాని మీద నాచు కప్పి, కింద "అత్తా, ఇది ఎవరికీ దొరకదు కదా?" అని రాశావు. ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. ఎవరో దాచి, చోటు ఇంటర్నెట్‌లో పెట్టిన డబ్బాని జీపీఎస్‌తో వెతికి, లోపలి లాగ్‌బుక్ అనే చిన్న పుస్తకంలో సంతకం పెట్టి రావడమే కదా మన జియోకాషింగ్ ఆట. ఈ ఒరెగాన్ అడవుల్లో పదహారేళ్లుగా కాష్‌లు, అంటే అలా దాచిన డబ్బాలు, వెతుకుతున్నాను. పదకొండు దాచాను, వాటిలో నాలుగు నేనే తీసేశాను. ఎక్కువ నేర్పినవి ఆ తీసేసిన నాలుగే.

ఎవరికీ దొరకకుండా దాచడం చాలా తేలిక. చిన్నప్పుడు మన ఊళ్లో దాగుడుమూతలు ఆడుతుంటే మీ నాన్న ఒకసారి ధాన్యం గాదె వెనక దూరి కూర్చున్నాడు. వెతికి వెతికి మేమంతా అన్నాలకు వెళ్లిపోయాం. చీకటిపడ్డాక ఏడుస్తూ బయటికొచ్చాడు. దొరకలేదన్న సంతోషం లేదు వాడికి, "మీరు వెతకడం ఎందుకు మానేశారు" అని ఒకటే గొడవ. కాష్ విషయంలో కూడా అంతే. వచ్చినవాళ్లు అరగంట ముళ్లలో తిరిగి, విసిగి, ఇంటికి వెళ్లి ఇంటర్నెట్‌లో నీ కాష్ పేజీలో "దొరకలేదు" అని రాస్తే నీకు ఏం మిగిలింది? వెతికేవాళ్లు ఎక్కడ ఆగుతారు, తల ఎటు తిప్పుతారు, డబ్బా కనపడగానే మొహంలో ఏం మారుతుంది, ముందు అది ఊహించు. డబ్బా సంగతి ఆ తర్వాత.

ఈ ఆట పుట్టిన చోటు మీ హిల్స్‌బోరో నుంచి గంట ప్రయాణం, తెలుసా? 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. అప్పటిదాకా మామూలు జనం చేతిలోని జీపీఎస్ వంద మీటర్ల దాకా తేడా చూపించేది, ఆ రాత్రి నుంచి అది పది, ఇరవై మీటర్లకు తగ్గింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర రోడ్డు పక్కన ఒక బకెట్ పెట్టి, కోఆర్డినేట్లు, అంటే ఆ చోటుని చెప్పే జీపీఎస్ అంకెలు, ఇంటర్నెట్‌లో రాశాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, కొంచెం డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయి. మూడు రోజుల్లోనే ఇద్దరు వెళ్లి కనుక్కున్నారు. జియోకాషింగ్ అనే పేరు ఆ నెలాఖరుకు గానీ రాలేదు. ఇప్పుడక్కడ ఒక ఫలకం ఉంది, పిల్లాణ్ని తీసుకుని ఒకసారి వెళ్లిరా. నేను గమనించమనేది ఏమిటంటే, ఆ మొదటి డబ్బా దొరకడం ఏమంత కష్టం కాదు. ఆకాశంలోని ఉపగ్రహాలు చెప్పిన చోటికి నడిచి వెళితే అక్కడ నిజంగా ఏదో ఉండడం, అదే అప్పుడు అద్భుతం. ఇప్పటికీ నాకదే అద్భుతం. (ఆయనలా నేలలో సగం పూడ్చి మాత్రం పెట్టకు. ఇప్పుడు అనుమతి లేకుండా తవ్వడానికి ఒప్పుకోరు.)

కాబట్టి ముందు చోటు. ఇంకెవరినైనా అక్కడికి తీసుకెళ్లాలని నీకు ఎప్పుడైనా అనిపించిన చోటు. పార్కింగ్ లాట్‌లో లైటు స్తంభం కింది రేకు ఎత్తి పెట్టేవి వేలకు వేలు ఉన్నాయి. వాటిని వెతికాను, లాగ్‌లో సంతకం పెట్టాను, ఒక్కటీ గుర్తులేదు. ఒక కాలవ మలుపులో చిన్న చెక్క వంతెన దగ్గర, ఎవరో ఒక పెద్ద డబ్బా ఏ మాయా లేకుండా దుంగ వెనక పెట్టారు. డబ్బా తీయడానికి వంగినప్పుడు మాత్రమే వంతెన కింద పిట్ట గూళ్లు కనిపిస్తాయి. పెట్టినాయన అది లెక్కేసుకునే పెట్టాడని నా నమ్మకం. పన్నెండేళ్లయింది, ఆ చల్లదనం కూడా గుర్తుంది.

నీ ఫర్ చెట్టు చోటు బాగానే ఉంది, కానీ మూడు సంగతులు చూసుకో. మొదటిది, ఆ తొర్రకి వెళ్లే దారిలో ఫెర్న్ మొక్కలున్నాయి. వారానికి పదిమంది తొక్కితే నెలలో అక్కడ బాట పడుతుంది. ట్రెయిల్ నుంచి నాలుగడుగుల్లో అందేలా చూడు. రెండోది, ఫొటోలో ఎడం పక్కన మూడేసి ఆకులతో తీగ కనిపిస్తోంది. తగిలితే దురదతో బొబ్బలెక్కించే పాయిజన్ ఓక్ అయితే ఆ చోటు వదిలెయ్. మూడోది, పార్కు వాళ్ల అనుమతి. ఈమెయిల్ రాస్తే చాలామంది మంచిగానే జవాబిస్తారు. ఇంకో కాష్‌కి 161 మీటర్ల లోపు ఉంటే రివ్యూయర్, అంటే కొత్త కాష్‌ని చూసి పేజీకి అనుమతి ఇచ్చే మనిషి, ఒప్పుకోడు. మ్యాప్‌లో ఖాళీగా కనిపించినా అక్కడ పజిల్ విప్పితే గానీ చోటు తెలియని మిస్టరీ కాష్ అసలు డబ్బా ఉండొచ్చు, అందుకని ముందే అడుగు.

డబ్బా గురించి మా తరం ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరగాయ జాడీకి గుడ్డ ఎందుకు కడతామో తెలిసినవాళ్లం. ఇక్కడ అక్టోబరు నుంచి మే దాకా వాన. నాలుగు వైపులా క్లిప్పులుండి, మూతలో రబ్బరు ఉన్న డబ్బా కొను. ఆ రబ్బరు మీద ఒక్క ఫర్ ఆకు సూది పడినా నీళ్లు లోపలికి వస్తాయి, అందుకే లాగ్‌బుక్ సంచీ మూత అంచుకి తగలకుండా డబ్బా కొంచెం పెద్దది తీసుకో. పాత ఫిల్మ్ డబ్బీలు వద్దు, తడి ఆగదు. గాజు వద్దు. మిలిటరీ వాళ్ల తూటాల పెట్టె అన్నిటికంటే గట్టిది, కానీ దాని మీది అక్షరాలకు పెయింట్ వేసి, పైన "జియోకాష్" అని ఇంగ్లిష్‌లో పెద్దగా రాయాలి. నేనొకసారి నల్ల పైపు ఒకటి, ఏమీ రాయకుండా, వంతెన కమ్మీకి కట్టాను. దారిన పోయే ఆవిడ చూసి భయపడి పోలీసులకు ఫోన్ చేసింది. రెండు గంటలు రోడ్డు మూసేశారు. ఆవిడ చేసింది సరైన పని, తప్పంతా నాదే. ఆ రోజు నుంచి వంతెనలు, స్కూళ్లు, కరెంటు పెట్టెలు, రైలు పట్టాలు, వీటి దగ్గరికి పోను. నువ్వూ పోకు.

లోపల తినేవి ఏవీ పెట్టకు. చాక్లెట్, వాసన సబ్బు, లిప్ బామ్ కూడా. రకూన్లనే ఇక్కడి అడవి జంతువులు ప్లాస్టిక్‌ని కొరికి చీల్చేస్తాయి. పిల్లలకోసం గోళీలు, చిన్న బొమ్మలు చాలు.

ఇక నీకు బాగా ఇష్టమైన విషయం, కొత్తరకంగా చేయడం. దీని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను.

నా కాష్‌లన్నిటిలో నాకు ప్రాణం "కాకి దాహం". చిన్నప్పుడు చెప్పుకున్న కథే, కుండలో రాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చిన కాకి. పార్కులో పని చేసేవాళ్లు చెప్పిన చోట మూడడుగుల ప్లాస్టిక్ పైపు నిలువుగా కట్టాను. అడుగున బెండు కట్టిన చిన్న డబ్బీ, అందులో లాగ్ కాగితం. చెయ్యి పట్టదు, పుల్లతో రాదు. నీళ్లు పోస్తే డబ్బీ తేలుతూ పైకి వస్తుంది. కానీ పైపు పక్కల చిల్లులు పెట్టాను. నీళ్లు పోస్తూనే వాటిని వేళ్లతో మూయాలి. మొదట తొమ్మిది చిల్లులు పెట్టాను. ఒంటరిగా వచ్చిన ఒక పెద్దాయన గంటసేపు కష్టపడి, తడిసి, వెళ్లిపోయాడు. ఆయన పేజీలో రాసిన లాగ్ చదివి నాకు రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడే వెళ్లి అయిదు మూసేశాను. నాలుగు మిగిలాయి. ఒక చెయ్యి మూస్తుంది, ఇంకో చెయ్యి పోస్తుంది. ఇద్దరు పిల్లలతో వచ్చినవాళ్లయితే ఆ పది నిమిషాలూ కేకలే.

దీంట్లో కనపడని తెలివి ఒకటుంది, దాన్ని నువ్వు తీసుకోవాలి. పైపు అడుగున ఒక సన్నని చిల్లు ఉంది. నీళ్లు వాటంతట అవే మెల్లగా దిగిపోతాయి, డబ్బీ మళ్లీ కిందికి చేరుతుంది. వచ్చినవాళ్లు ఏమీ సర్దనక్కర్లేదు, చలికాలంలో నీళ్లు నిలిచి గడ్డకట్టి పైపు పగలదు. ఎంత గొప్ప యంత్రమైనా వెళ్లేటప్పుడు పది పనులు చేసి మళ్లీ అమర్చాలంటే మూడో మనిషి దగ్గరే పాడవుతుంది. తీసేసిన నా నాలుగింటిలో రెండు అలా పోయినవే, చెక్కలూ తాళాలూ గొలుసులూ. నువ్వు ఏం కనిపెట్టినా "దీన్ని తొందరలో ఉన్నవాడు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నవాడు ఎలా తిరిగి పెడతాడు" అని చూసుకో.

రెండోది మిస్టరీ కాష్. పేజీలో ఉత్తుత్తి కోఆర్డినేట్లు ఇస్తాం, పజిల్ విప్పితే అసలువి వస్తాయి. అసలు చోటు మూడు కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉండాలి. నువ్వు ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకున్నావు కదా, నేనూ నా పజిల్‌ని అక్కడి నుంచే తెచ్చాను. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్త రాగాల పేర్లలో వాటి నంబరు దాగి ఉంటుంది, అక్షరానికో అంక�� ఇచ్చే కటపయాది లెక్కలో. హరికాంభోజిలో మొదటి రెండు అక్షరాలు హ, రి. హ అంటే 8, ర అంటే 2, తిరగేస్తే 28. మాయామాళవగౌళ 15, ఖరహరప్రియ 22. డిగ్రీలు ఎలాగూ ఇక్కడ అందరికీ ఒకటే, ఉత్తరం 45, పడమర 122. మిగిలిన నిమిషాలకు (రెండంకెలు, దశాంశం తర్వాత మూడు) అటు అయిదంకెలు, ఇటు అయిదంకెలు కావాలి. మొత్తం పది. అయిదు రాగాలు సరిగ్గా సరిపోయాయి! ఆ రాత్రి ఎంత ఆనందపడ్డానో మీ మావయ్యని అడుగు.

కానీ పజిల్ వేసేవాళ్లు ఒకటి మర్చిపోతారు. మనకి తెలిసింది ఎదుటివాళ్లకి తెలియకపోవడం పజిల్ అవదు. దారి చూపాలి. నేను కాష్ పేరులో 72 పెట్టాను. పేజీలో "మొదటి రెండు అక్షరాలు, వెనక నుంచి ముందుకు" అని రాశాను. మిగతాది ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతుక్కోగలరు. పోర్ట్‌లాండ్‌లో ఎప్పుడూ కర్ణాటక సంగీతం వినని ఒక రిటైర్డ్ టీచరు దాన్ని విప్పి, రెండు వారాలు ఆ అయిదు రాగాలూ విన్నానని లాగ్‌లో రాసింది. అంతకంటే నాకేం కావాలి? తెలుగు అంకెలతో కూడా ఒక పజిల్ చేయొచ్చు, ౧ నుంచి ౯ దాకా, పొడుపుకథలా. అది నీకు వదిలేస్తున్నాను.

కోఆర్డినేట్ల దగ్గర బద్ధకించకు. ఎత్తయిన చెట్ల కింద ఫోన్ పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. డబ్బా దగ్గర ఐదు నిమిషాలు ఆగి చూడు, ముప్పై అడుగులు దూరం పోయి మళ్లీ రా, ఇంకోసారి చూడు. ఇంకో రోజు, ఇంకో సమయంలో మళ్లీ వెళ్లు. అన్నీ కలిపి సగటు తీయి. ఆ నిమిషాల మూడో దశాంశంలో ఒక అంకె మారితే రెండు మీటర్లు కూడా తేడా రాదు. మొదటి దశాంశంలో మారితే చాలా దూరం పోతుంది. నేనొకసారి 8 బదులు 3 టైప్ చేశాను. జనం తొమ్మిది వందల మీటర్ల అవతల ఎవరిదో పెరటి కంచె దగ్గర తచ్చాడారు. ఆ ఇంటివాళ్లకి క్షమాపణ చెప్పడానికి నేనే స్వయంగా వెళ్లాను. పేజీ పంపే ముందు ఇంకెవరి చేతైనా ఆ అంకెలతో నడిపించు.

కష్టం ఎంతో చెప్పే నక్షత్రాలు ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి, వెతకడానికి వేరే, నడకకు వేరే. వాటిని నిజంగా వెయ్యి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు నడక నక్షత్రం ఒకటి అని చూసి నమ్మి వస్తారు. ఆ నమ్మకం చిన్నది కాదు.

మొన్న ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో కూడా ఒకటి దాచి వద్దామనుకున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దు. చూసుకునేవాళ్లు అక్కడ లేకుండా డబ్బా పెట్టడం దిక్కులేకుండా వదిలేసినట్టే, రివ్యూయర్లు కూడా ఒప్పుకోరు. కానీ ఎర్త్‌కాష్ అని ఒక రకం ఉంది. డబ్బా ఉండదు. వచ్చినవాళ్లు నేలని, రాయిని చూసి కొన్ని ప్రశ్నలకు జవాబులు పంపాలి. హైదరాబాద్‌లోని ఆ గ్రానైట్ బండలు ఒకదానిమీద ఒకటి ఎలా నిలబడ్డాయో పిల్లలు చూసి నేర్చుకునేలా నువ్వు రాయగలవు. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

కాష్ పెట్టాక మొదటి వారం ఫోన్ దగ్గరే ఉండు. కొత్తది కనిపించగానే ముందుగా దొరికించుకోవాలని అర్ధరాత్రి కూడా టార్చి వేసుకుని బయల్దేరేవాళ్లున్నారు. పార్కు పొద్దుగూకగానే మూసేస్తే పేజీలో ఆ ముక్క రాయి. వరసగా ముగ్గురు దొరకలేదని రాస్తే వాళ్లకి చేతకాలేదనుకోకు, వెళ్లి చూడు. తడిసిన లాగ్ కాగితం మార్చడానికి బద్ధకమేస్తే కాష్‌ని తాత్కాలికంగా ఆపి పెట్టు, అంతేగానీ అలా వదిలేయకు. వచ్చిన ప్రతి లాగ్ చదువు. కొందరు ఒక్క ముక్క రాసి పోతారు, కొందరు నాన్న పోయాక మొదటిసారి బయటికి వచ్చానని రాస్తారు. నాకు వచ్చినవన్నీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాను, వచ్చినప్పుడు చూద్దువుగాని.

శనివారం మావయ్య అటు వస్తున్నారు. క్లిప్పుల డబ్బాలు రెండు, టకోమాలో తయారయ్యే తడవని కాగితం ఒక కట్ట, మట్టిరంగు టేపు పంపుతున్నాను. పెన్ను వద్దు, పెన్సిల్ పెట్టు, చలికి పెన్ను రాయదు. నాచు మాత్రం చెట్టు నుంచి పీక్కురాకు, కింద రాలిందే వాడు. చోటు ఎక్కడో నాకు చెప్పకు. రివ్యూయర్ ఒప్పుకుని పేజీ కనిపించిన రోజు నేనే వెతుక్కుంటూ వస్తాను. పిల్లాణ్ని తయారుగా ఉంచు, వాడు ట్రెయిల్ మొదట్లో నా కోసం నిలబడితే చాలు.

మీ
అత్త