అల్లుడి హైబ్రిడ్ కారులో కాశీ యాత్ర: రూ.40 వేలు సరిపోతాయా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి తోట, ఎరువుల కొట్టు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా అల్లుడు ఉద్యోగం మీద రెండేళ్లు విదేశానికి వెళ్తూ, తన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును (సాకెట్‌కు పెట్టి నింపే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉన్నది) మా దగ్గర ఉంచుతానన్నాడు. లీటరుకు 40 కిలోమీటర్లు దాటి వస్తుందని కంపెనీ కాగితంలో ఉంది. సంక్రాంతి వెళ్లగానే నేను, నా భార్య, అన్నయ్య, వదిన అందులో ప్రయాగ, కాశీ వెళ్లి పది రోజుల్లో తిరిగి రావాలనుకుంటున్నాం. రూ.40 వేలు పక్కన పెట్టాను. చాలకపోతే జులైలో గడువు తీరే రూ.6 లక్షల ఎఫ్‌డీని మధ్యలో తీసేయాలా, బంగారం తాకట్టు పెట్టాలా? మాకు పాత డీజిల్ కారు ఉంది, లీటరుకు 16 ఇస్తుంది. తోటకీ కొట్టుకీ కలిపి రోజూ 25 కిలోమీటర్లు తిరుగుతాను. ఇంట్లో కరెంటు నెలకు 150 యూనిట్లు కాలుతుంది.

జవాబు: చాలవండి. రూ.40 వేలు పెట్రోలుకీ టోలుకీ మాత్రమే సరిపోతాయి. గదులు, భోజనాలు, పూజలు, పడవ ఖర్చు అన్నీ మళ్లీ వేరే చూసుకోవాలి. అయితే ఎఫ్‌డీ జోలికీ బంగారం జోలికీ వెళ్లాల్సిన పని కూడా లేదు.

ముందు ఆ 40 కిలోమీటర్ల సంగతి చూద్దాం. కంపెనీ పరీక్ష బ్యాటరీ నిండుగా ఉండగా మొదలవుతుంది, నడిపే దూరమూ తక్కువ. అందులో చాలా భాగం కరెంటు మీదే నడుస్తుంది. కాలిన పెట్రోలుతో మొత్తం దూరాన్ని భాగిస్తే అంత పెద్ద అంకె వస్తుంది. మీ ప్రయాణానికి ఆ అంకె పనికిరాదు. ఈ తరహా పెద్ద కార్లలో బ్యాటరీ 12 యూనిట్ల కరెంటు పట్టేదైతే వాడుకోగలిగేది 10 దాకా ఉంటుంది. యూనిట్‌కు మూడున్నర కిలోమీటర్ల చొప్పున 35 కిలోమీటర్లు. మీ ఊళ్లో బయలుదేరితే రావులపాలెం దగ్గరికి వచ్చేసరికి కరెంటు అయిపోతుంది. అక్కడి నుంచి హైదరాబాద్ దాకా ఉన్న దాదాపు 385 కిలోమీటర్లూ పెట్రోలే లాగాలి. పైగా రెండు టన్నులు దాటిన బండి, అయిపోయిన బ్యాటరీ బరువు, నలుగురు మనుషులు, సామాను. హైవే మీద లీటరుకు 11 వస్తే బాగా వచ్చినట్టే. బడ్జెట్ వేసుకోవాల్సింది ఆ 11తోనే.

హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా ప్రయాగ, కాశీ వెళ్లి అదే దారిన వస్తే, ఊళ్లలో తిరుగుడుతో కలిపి 3,600 కిలోమీటర్లు పెట్టుకోండి. 11తో భాగిస్తే దాదాపు 330 లీటర్లు. దారిలోని రాష్ట్రాల ధరలు కలిపి సగటున రూ.105 వేసినా రూ.34,650. అదే మీ డీజిల్ కారు అయితే 225 లీటర్లు, సగటున రూ.92 చొప్పున రూ.20,700. అంటే పాత బండే దాదాపు రూ.14 వేలు తక్కువకు కాశీ చూపించి తెస్తుంది.

“రాత్రిళ్లు హోటల్లో చార్జింగ్ పెట్టుకుంటాం కదా” అనుకుంటారేమో. ఒక్కసారి నింపితే మూడు లీటర్ల పైచిలుకు పెట్రోలు మిగులుతుంది, అంటే రూ.330. దానికి గోడలోంచి లాగే కరెంటు పదకొండున్నర యూనిట్లు, రూ.110 దాకా. తొమ్మిది రాత్రులూ కుదిరినా మిగిలేది రూ.2,000. అందుకని చార్జింగ్ ఉందన్న ఒక్క కారణంతో రోజుకు వెయ్యి ఎక్కువ పెట్టి గది తీసుకోకండి. హైవే పక్కన ఫాస్ట్ చార్జింగ్ కేంద్రాలు చూసి ఆశపడొద్దు. అక్కడి డీసీ గన్ (ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్గు) చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు పట్టదు. వీటికి ఉండేది ఇళ్లలో వచ్చే మామూలు కరెంటు తీసుకునే టైప్-2 సాకెట్, చాలావాటిలో అది గంటకు మూడున్నర యూనిట్లు మించి తీసుకోదు. గంటన్నర ఆగితే 18 కిలోమీటర్లు వస్తాయి.

హోటల్లో పెడితే గదిలో ఎయిర్ కండిషనర్‌కు ఇచ్చే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. పక్కింటి నుంచి లాగినట్టు సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే ప్లగ్గు కరుగుతుంది. కారు స్క్రీన్‌లో కరెంటును 8 ఆంపియర్లకు తగ్గించి రాత్రంతా వదిలేయండి, ఆరేడు గంటల్లో నిండుతుంది. కేబుల్ పెట్టె మీద ఎర్రలైటు వెలిగితే కారు పాడైనట్టు కాదు, చాలాసార్లు ఆ సాకెట్‌కు ఎర్త్ లేకపోవడమే కారణం. వేరే సాకెట్ అడగండి, లేకపోతే ఆ రాత్రికి మానేయండి.

ఉన్న కాస్త కరెంటును ఎక్కడ ఖర్చు పెట్టాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. హైవే ఎక్కగానే దాన్ని ఊదేయకుండా, బ్యాటరీని అలాగే పట్టి ఉంచే హోల్డ్ మోడ్ పెట్టి, హైదరాబాద్ ట్రాఫిక్‌లోనూ కాశీ సందుల్లోనూ వదలండి. ఆగి ఆగి నడిచే చోట ఇంజిన్ లీటరుకు ఆరేడే ఇస్తుంది, కాబట్టి అవే పది యూనిట్లు అక్కడ ఎక్కువ పెట్రోలు మిగులుస్తాయి. నడుస్తూ ఇంజిన్‌తోనే బ్యాటరీ నింపే చార్జ్ మోడ్ కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, మళ్లీ ఆ కరెంటుతో చక్రం తిప్పేటప్పుడు అడుగడుగునా కొంత పోతుంది.

పెట్రోలు ట్యాంకు కూడా వీటిలో చిన్నదిగా ఉండొచ్చు, బ్యాటరీకి చోటు కావాలి కదా. 50 లీటర్లదైతే 400 కిలోమీటర్లకే బంకు చూసుకోండి. ఉత్తరప్రదేశ్‌లో పెట్రోలు మన దగ్గరికంటే బాగా చౌక. వెళ్లేటప్పుడు సరిహద్దు దాటడానికి సరిపడా పోయించుకుని, వచ్చేటప్పుడు అక్కడే నిండా కొట్టించండి. మన యానాంలోనూ చౌకే, కానీ ఈ ప్రయాణం కోసం ప్రత్యేకంగా వెళ్లొద్దు. లీటరుకు పది పన్నెండు రూపాయలు కలిసొచ్చినా 50 లీటర్లకు రూ.600. ఎదుర్లంక వంతెన దాటి వెళ్లి రావడానికి 60 కిలోమీటర్లు పైనే, ఆ మిగిలింది అందులోనే కాలిపోతుంది.

టోలుకు 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. మొదలుపెట్టినప్పుడు ధర రూ.3,000. ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల ప్లాజాలకే చెల్లుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, రాష్ట్ర రహదారుల టోలు మామూలుగానే కట్టాలి. 60 కిలోమీటర్లకో ప్లాజా లెక్కన రానూపోనూ యాభైకి పైగా దాటుతారు, కనుక ఈ ఒక్క యాత్రకే పాస్ గిట్టుబాటు. పాస్ బండి నంబరుకు అంటుకుని ఉంటుంది, ఒక కారుది ఇంకో కారుకు మార్చరు. ఏ కారులో వెళ్లేదీ తేల్చుకున్నాకే రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో డబ్బు కట్టండి.

ఇక మొత్తం ఖర్చు. రెండు గదులు, తొమ్మిది రాత్రులు, రోజుకు రూ.4,000 చొప్పున రూ.36,000. నలుగురి భోజనం పది రోజులకు రూ.28,000. పూజలు, పడవ, ఆటోలు రూ.15,000. టోలు, పార్కింగ్ రూ.5,000. హైబ్రిడ్‌లో వెళ్తే ముందస్తు సర్వీసుకు రూ.25,000 ఉంచండి. ఎందుకంటే వీటిలో మనుషుల్ని రోడ్డున నిలబెట్టేది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, ట్యాంకు నిండుగా ఉన్నా కారు మేలుకోదు. కారు నెలల తరబడి కదలకుండా ఉంటే అది ముందు దెబ్బతింటుంది. నాలుగేళ్లు దాటితే మార్పించి బయలుదేరండి. డీజిల్ కారుకు సర్వీసు రూ.10,000తో అవుతుంది. ఇంధనం కూడా కలిపితే హైబ్రిడ్‌లో రూ.1,43,650, డీజిల్‌లో రూ.1,14,700. దేనికైనా మరో రూ.25,000 ముట్టుకోకుండా చేతిలో ఉండాలి. రూ.29 వేల తేడా అంటే ఏడు రాత్రుల గదుల అద్దె. కొత్త బండి సుఖం కోసం ఇస్తానంటే మీ ఇష్టం, కానీ పొదుపు అనుకుని ఇవ్వకండి. నన్నడిగితే డీజిల్ కారులోనే వెళ్లమంటాను.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా, తేదీ మార్చుకోండి. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని మర్నాడే బయలుదేరితే నేరుగా గంగా మైదానపు పొగమంచులోకి వెళ్తారు. జనవరిలో రీవా దాటాక ఉదయం తొమ్మిది, పది దాకా రోడ్డు కనిపించని రోజులుంటాయి. వేచి ఉండటానికి ఒకటి రెండు రాత్రుల గది అదనం. ప్రయాగలో మాఘమేళా ఉంటుంది, గదుల ధరలు పెరుగుతాయి. శివరాత్రికి కాశీలో కాలు పెట్టే చోటుండదు. శివరాత్రి వెళ్లిన వారానికి బయలుదేరితే మంచు తగ్గుతుంది, రద్దీ తగ్గుతుంది, ఈలోగా మీకు ఒక కొబ్బరి దింపు డబ్బు కూడా చేతికొస్తుంది. కాయ అమ్మిన సొమ్ములోంచి ఇప్పుడున్న రూ.40 వేలకు రూ.లక్ష కలిపితే డీజిల్ కారు యాత్ర, చేతి ఖర్చుతో సహా వెళ్లిపోతుంది.

అంబాజీపేట మార్కెట్లో ధర పడిపోయి ఆ లక్ష రాకపోతే, ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన ఇస్తారు. 8 శాతం అనుకుంటే లక్షకు రెండు నెలలకు రూ.1,333. అదే ఎఫ్‌డీని మధ్యలో తీసేస్తే, రసీదు ఒక్కటే కనుక లక్ష కోసం ఆరు లక్షలూ కదులుతాయి. వడ్డీలో ఒక శాతం కోసినా రెండేళ్లు నడిచిన డిపాజిట్ మీద రూ.12,000 పోతాయి. బంగారం మీద బ్యాంకు వడ్డీ మరీ ఎక్కువేం కాదు గానీ, మదింపు ఖర్చులుంటాయి, పైగా ఒకసారి పెట్టాక తిరగరాస్తూ పోయే అలవాటు మన వైపు చాలా ఇళ్లను తినేసింది. యాత్ర కోసం వద్దు.

అల్లుడి గారి కారుతో మీకు డబ్బు మిగిలేది ఇంటి దగ్గరే. రోజుకు 25 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, 625 కిలోమీటర్లు. ఇదంతా కరెంటు మీదే తిరగొచ్చు. చార్జింగ్‌లో పోయే 15 శాతంతో కలిపి మీటరు మీద 210 యూనిట్లు. మీ 150 తర్వాత 225 వరకు యూనిట్ రూ.6, ఆపైన 400 దాకా రూ.8.75 స్లాబులో పడతాయి కనుక రూ.1,631. సర్దుబాటు చార్జీలు కలిసి రూ.1,800 అనుకోండి. అదే దూరం ఈ కారునే పెట్రోలు మీద నడిపితే లోకల్‌లో లీటరుకు 10 చొప్పున, రూ.110 లెక్కన రూ.6,875. నెలకు రూ.5,000 తేడా. మీ డీజిల్ కారుతో పోలిస్తే (39 లీటర్లు, రూ.92 చొప్పున దాదాపు రూ.3,600) తేడా రూ.1,800. యాత్ర మొత్తం మీద చార్జింగ్‌తో రూ.2,000 మిగలని కారు, తోట దారిలో డీజిల్ కారుకంటే కూడా ప్రతినెలా రూ.1,800 మిగులుస్తుంది. ఎండాకాలం ఇంట్లో ఏసీ నడిచి 400 దాటితే పై యూనిట్లు రూ.9.75కు వెళ్తాయి, అప్పుడూ పెట్రోలుకంటే చాలా నయం.

దానికి ముందు ఇంట్లో చార్జింగ్‌కు విడిగా లైను వేయించండి: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాక్ కొట్టే పరిస్థితి వస్తే ఆపేసేది), 16 ఆంపియర్ల పారిశ్రామిక సాకెట్, సొంత ఎర్త్ గుంట. మంజూరైన లోడు రెండు మూడు కిలోవాట్లే అయితే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పెంచుకోండి. సాయంత్రం ఏడు నుంచి పది వరకు పల్లెల్లో ఓల్టేజీ కుంగుతుంది. రాత్రి పదకొండుకు మొదలయ్యేలా కారులో టైమర్ పెట్టండి. వానాకాలంలో లంక రేవుల దగ్గర, కాలువ పొంగిన చోట ఈ బండిని నీళ్లలోకి దించకండి. నీరు చేరి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ రైడర్ (అదనపు కవరు) ఉండాలి. హైబ్రిడ్ బ్యాటరీకి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో విడిగా చూడండి.

ఆఖరుగా రెండు కాగితాల పనులు. కారు అల్లుడి గారి పేరునే ఉంటుంది కనుక పాలసీలోని ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా మీరు నడుపుతున్నప్పుడు మీకు వర్తించదు. మీ పేరున వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి, కారు పాలసీలో ప్రయాణికులకు కవరు చేర్పించండి. తెలంగాణ నంబరు బండి ఆంధ్రలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. అందుకు అక్కడి నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ జీవితకాల పన్ను. ఖరీదైన బండి కనుక ఆ పన్ను పెద్ద మొత్తమే అవుతుంది. పదో నెలలోనే అమలాపురం రవాణా కార్యాలయంలో ఎంత కట్టాలో రాయించుకుని, ఉంచుకోవాలా, హైదరాబాద్‌లోనే అమ్మించాలా అన్నది అల్లుడి గారితో ఫోన్లో తేల్చుకోండి. ఎన్‌ఓసీ దరఖాస్తు ఫారం 28 మీద యజమాని సంతకం కావాలి, ఆయన విమానం ఎక్కకముందే ఆ పని ఎలా జరపాలో మాట్లాడి పెట్టుకోండి.