ఉర్దూ మాధ్యమం నుంచి డిగ్రీకి వచ్చే అమ్మాయిల విషయంలో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాతబస్తీ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థినుల మెంటార్ బాధ్యత నీకు అప్పగించారని రాశావు. ఇంటర్ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇంట్లో అందరికన్నా ముందు డిగ్రీ గడప తొక్కిన ముస్లిం అమ్మాయిలు మీ దగ్గర చాలామందే ఉంటారు. వారికి కొరవడినది తెలివి కాదు. వేరే ఇళ్లలో అక్కో అన్నో ముందుగా చెప్పిపెట్టే సంగతులు వారికి చెప్పేవారు లేరు.

మొదట కాగితాల పని చూడు. మైనారిటీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంటుకు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకోవాలి. చిక్కంతా పేర్ల దగ్గరే వస్తుంది. పదో తరగతి మెమోలో బేగం అని, ఆధార్‌లో బీ అని ఉంటే ఈ ఫీజు కోసం ఆన్‌లైన్‌లో పెట్టే ఈపాస్ దరఖాస్తు ముందుకు కదలదు. గడువు దగ్గర పడ్డాక ఆధార్ సవరణకు తిరగడం కన్నా, చేరిన వారంలోనే ఒక్కొక్కరి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి నువ్వే సరిచూడడం మేలు.

తరగతిలో "అర్థం కానివారు చేయెత్తండి" అనకు, ఎవరూ ఎత్తరు. త్రిభుజాన్ని ముసల్లస్‌గా, జీవకణాన్ని ఖలియాగా చదువుకున్న పిల్లకు విషయం వచ్చు, ఇంగ్లిషు పేరే కొత్త. కాబట్టి ప్రతి పాఠానికీ రెండు భాషల్లో పదాల పట్టిక వారి చేతనే రాయించి, జవాబు ముందు ఉర్దూలో చెప్పనిచ్చి, ఆ తర్వాత దాన్నే రెండు మూడు ఇంగ్లిషు వాక్యాల్లో రాయించు. ఇదే దారిలో వచ్చిన సీనియర్ అమ్మాయిని తోడు కూర్చోబెడితే, నిన్ను అడగడానికి బిడియపడే ప్రశ్నలు ఆమెను అడుగుతారు. ఈ అదనపు గంటకు మాత్రం "వెనకబడినవారి తరగతి" అని పేరు పెట్టకు. ఆ పేరు వింటే రావలసినవారే రారు. రంజాన్ నెలలో దాన్ని సాయంత్రం నుంచి ఉదయానికి మార్చు.

తల్లులను కలవడం శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోకు. ఇల్లు చేరే వేళ, బస్సు, ఖర్చు గురించి వారు అడిగినవాటికి సూటిగా జవాబు చెప్పు, ఉపన్యాసం అక్కర్లేదు.

మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు తప్పితే చదువే అయిపోయిందనుకుని మానేసేవారు ఉంటారు. తప్పిన పేపరును మళ్లీ రాసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఫలితాలు వచ్చిన రోజే తప్పినవారికి ఫోను చేసి, పరీక్ష ఫీజు గడువు తేదీ కూడా చెప్పు.