ధర్నాకు కూర్చోబోయే మనవరాలికి

చిరంజీవి కావ్యకు తాతయ్య ఆశీస్సులు.

చెరువులోకి మురుగునీరు వదలడం ఆపాలని ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో ఆమరణ దీక్షకు కూర్చోబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకున్నదని ఇరుగుపొరుగుకు చెప్పుకుంటూనే ఉన్నాను, అది వేరే సంగతి.

పోలీసు అనుమతికి ముందుగానే అర్జీ పెట్టి, రసీదు దాచుకో. షామియానా, తాగునీరు మరచిపోవద్దు. నినాదాలలో ఏ అధికారినీ ఇంటిపేరుతో తిట్టనివ్వకు. రక్తహీనతకు మందులు వాడుతూ ఆమరణ దీక్ష ఏమిటే, బుద్ధి ఉండి చేసే పనేనా? రిలే దీక్షలు పెట్టుకోండి.

ఆ మాట నీ ఆరోగ్యం కోసం మాత్రమే అనడం లేదు. చీరాల, పేరాల గ్రామాలను మున్సిపాలిటీగా చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద అక్కడి జనం ఒక్క రాయి విసరకుండా ఇళ్ళు వదిలి, మున్సిపాలిటీ హద్దుకు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు కాపురాలు చేశారు. ఆయన తీర్చిదిద్దిన రామదండు ఆ ఏడాది బెజవాడ కాంగ్రెస్ సమావేశానికి వచ్చిన జనసందోహానికి సేవ చేసిన దళం. అంటే సేవలో ఆరితేరినవారికి కొదవ లేదు. అయినా ఆయనను ఏడాదిపాటు జైలుకు పంపాక పట్టు సడలింది, చివరకు జనం పాత ఇళ్ళకే తిరిగి వెళ్ళారు. డబ్బు కొరత, సర్కారు ఒత్తిడి కూడా కారణాలే, కాదనను. కానీ అన్ని వేలమంది ధైర్యాన్ని ఒక్క మనిషి గొంతుకు కట్టివేయడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. ఆ జనం త్యాగాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1930 ఉప్పు సత్యాగ్రహంలో అలా జరగలేదు. మే నెలలో గాంధీజీని అరెస్టు చేయగానే అబ్బాస్ త్యాబ్జీ, ఆయన తరువాత మన హైదరాబాదు ఆడబిడ్డ సరోజినీ నాయుడు పగ్గాలు అందుకున్నారు. గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠారు దగ్గర లాఠీలు విరుచుకుపడుతున్నా వరుస వెనుక వరుస ముందుకు నడిచింది. నువ్వు నాంపల్లిలో ఆవిడ ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ మీదుగానే కదా కాలేజీకి వెళ్ళేది!

మొన్న ఆదివారం చెరువు కట్ట మీద గుర్రపుడెక్క తీస్తున్న మీ వాళ్ళను కూర్చుని గమనించాను. కొడవళ్ళు ఎక్కడున్నాయంటే కావ్యక్కను అడగాలి, చెత్త ట్రాక్టరు ఎప్పుడొస్తుందంటే కావ్యక్కకే తెలుసు. నీకు పరీక్షలున్న వారం కట్ట మీదికి ఎవరూ రాలేదట. పిల్లలు నిన్ను అంతగా నమ్ముకోవడం చూసి మురిసిపోయాను తల్లీ, కానీ నిన్ను పోలీసు వ్యాను ఎక్కించిన సాయంత్రం వీళ్ళు ఏం చేస్తారన్న భయం కూడా పట్టుకుంది.

కనుక ధర్నాకు ముందు రెండు ఆదివారాలు నువ్వు కట్ట మీదికి వెళ్ళకు. పని పంచే బాధ్యతను ఆ అల్లరి పిల్లవాడికి, ట్రాక్టరు మాట్లాడే పనిని పూలమ్మే ఆవిడకు అప్పగించు. ఆవిడకు నీకంటే గట్టి గొంతు ఉంది. లాయరుగారి నంబరు ఒక్క నీ ఫోనులోనే ఉంచుకోకుండా అందరికీ కాగితం మీద రాసివ్వు, మీ అమ్మకు కూడా.

ఇట్లు,
మీ తాతయ్య