కొలనుపాక జైన మందిరాన్ని హైదరాబాదు నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చా?

హాయిగా రావచ్చు, కాకపోతే పొద్దున్నే బయల్దేరండి. కొలనుపాక హైదరాబాదుకు సుమారు 80 కి.మీ. దూరం, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. వరంగల్ రోడ్డులో ఆలేరు దాకా వెళ్లి, అక్కడ పక్కదారి పట్టి మరో ఆరు కిలోమీటర్లు పోవాలి. రైలైతే ఆలేరులో దిగి ఆటో ఎక్కాలి. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆలేరులో ఆగవు, టికెట్ తీసుకునే ముందే చూసుకోండి.

ఇది శ్వేతాంబరుల తీర్థం, అంటే తెల్లబట్టలు కట్టే సాధువులున్న జైన శాఖ వారిది. మూలవిరాట్టు జైనుల మొదటి తీర్థంకరుడు (ధర్మగురువు) ఆదినాథుడు, ఆయన్ని మాణిక్యదేవుడని కొలుస్తారు. 14వ శతాబ్దంలో జైన ఆచార్యుడు జినప్రభసూరి రాసిన 'వివిధ తీర్థకల్పం'లోనూ ఈ క్షేత్రం ప్రస్తావన ఉంది. పక్కన మరో ఇద్దరు తీర్థంకరులు నేమినాథుడు, మహావీరుడు ఉంటారు. సుమారు 130 సెం.మీ. ఎత్తున్న మహావీరుడి విగ్రహాన్ని ఒకే జేడ్ రాయిలో చెక్కారంటారు. తొందరపడకుండా దాని ముందు కాసేపు నిలబడి చూడండి.

తోలు బెల్టు, పర్సు లోపలికి తీసుకెళ్లకూడదు, గుడ్డ సంచి వాడండి. దర్శనానికి మామూలు బట్టలు చాలు. విగ్రహాన్ని తాకి పూజ చేయాలంటే మాత్రం స్నానం చేసి, కుట్టులేని బట్టలు కట్టుకుని, నోటికి గుడ్డ కట్టుకోవాలి. మందిరంలో పెట్టే భోజనంలో ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ లాంటి దుంపలు ఉండవు. జైనులు సూర్యాస్తమయం తర్వాత తినరు కాబట్టి, చీకటిపడ్డాక వచ్చి భోజనం అడిగితే దొరకదు.

చాలామంది ఇంతటితో వెనుదిరుగుతారు, అది పొరపాటు. అదే ఊళ్లో చాళుక్యుల కాలపు సోమేశ్వరాలయం ఉంది. వీరశైవులకు అది తమ ఆదిగురువుల్లో ఒకరైన రేణుకాచార్యుల క్షేత్రం. ఆవరణలో భద్రపరిచిన పాత శిల్పాలకే గంట పడుతుంది.