చింతపిక్కలు ఆస్ట్రేలియా చేరలేదు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ ఏడో తరగతి పిల్లలు ఒక విదేశీ బడి పిల్లలతో కలిసి పత్రిక వెయ్యాలని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. నువ్వు నా క్లాసులో ఉన్నప్పుడు మన బడిలో ఉన్న ఒక్క కంప్యూటరు మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది, గుర్తుందా? ఇప్పుడు ఇంటింటికీ ఫోను వచ్చింది కాబట్టి పని తేలికైందనుకుంటున్నావేమో. పంపడం వరకే తేలికైంది.

ఇదేమీ కొత్త పని కాదు. 1988లో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగానే, మాస్కో బడులనూ న్యూయార్క్ రాష్ట్రంలోని బడులనూ కంప్యూటర్లతో కలిపారు. దేశదేశాల బడులను కలిపే ఐఎర్న్ అనే సంస్థ అందులోంచే పుట్టింది. 1990లో నార్వేలో, దేశదేశాల పిల్లలు కంప్యూటర్లలో ఒకరికొకరు రాసుకునే కిడ్‌లింక్ మొదలైంది. అందులో చేరే పిల్లలు ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాల్సి వచ్చేది. నేనెవరిని, పెద్దయ్యాక ఏమవుతాను, అప్పటికి లోకం ఎలా బాగుపడాలి, అందుకు ఇప్పుడు నేనేం చెయ్యగలను అని. చదవడానికి ఎంత బాగున్నాయో! ఆ మొదటి ప్రశ్న ఒక్కటి మా ఎనిమిదో తరగతికి ఇస్తే పీరియడంతా పెన్నులు నమిలి, చివరికి అందరూ ‘మై నేమ్ ఈజ్’ అని మొదలుపెట్టి, నాన్న పేరు రాసి, ‘ఇండియా ఈజ్ ఎ గ్రేట్ కంట్రీ’తో ముగించారు.

అందుకని పెద్ద ప్రశ్న ఇవ్వకు. మరుసటి వారం నేను, ‘ఇవాళ పొద్దున మీ ఇంట్లో అందరికంటే ముందు లేచింది ఎవరు? లేచి ఏం చేశారు?’ అని అడిగాను. ఒక కుర్రాడు రెండే ముక్కలు రాశాడు: ‘మా నాయనమ్మ. లేచి గేదెను తిట్టింది.’ తైవాన్‌లో మాతో జతకట్టిన క్లాసులో సగం మంది ఆ గేదె గురించే అడిగారు. ఏం తప్పు చేసింది, తిడితే దానికి అర్థమవుతుందా, దానికి పేరుందా అని. అంతవరకు నాలుగు వాక్యాలు దాటి రాయని వాడు పేజీన్నర రాశాడు. ముందురోజు సాయంత్రం పాలచెంబు తన్నేసిందట. వాళ్ల నాయనమ్మ తిట్లలో ఏవి రాయొచ్చో ఏవి రాయకూడదో నన్నే అడిగాడు!

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఇరవై రెండు మంది రాసినవీ రాత్రి కూర్చుని శుభ్రమైన ఇంగ్లీషులోకి మార్చి పంపాను. అవతలి టీచరమ్మ చాలా మర్యాదగా ఒక మాట అడిగింది: ‘మీ పిల్లలందరూ ఒకేలా రాస్తారా?’ చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ తర్వాత పద్ధతి మార్చాను. ముందు తెలుగులోనే రాయనిచ్చేవాణ్ని. దాన్ని వాళ్లే నలుగురైదుగురు కూర్చుని ఇంగ్లీషులో పెట్టేవాళ్లు. చదివేవాడికి అసలు అర్థం కాని చోట మాత్రమే నేను పెన్ను పెట్టేవాణ్ని. పత్రికలో రెండూ పక్కపక్కన వేశాం. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని అవతలి పిల్లలు వాటిని చూసి బొమ్మల్లా గీశారు.

జత బడి కోసం ఐఎర్న్‌లో వెతుకు. అందులో లెర్నింగ్ సర్కిల్స్ అని ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిది క్లాసులు ఒక జట్టు. ఒక్కో క్లాసు ఒక్కో ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్లు జవాబులు పంపుతారు, ప్రశ్న వేసినవాళ్లు వాటిని కూర్చి తమ వంతు పేజీలు తయారుచేస్తారు. ఏర్పాటు చక్కనిదే. కానీ లెక్క చూసుకో. ఎనిమిది క్లాసులంటే నీ పిల్లలు ఏడు ప్రశ్నలకు బాకీ పడతారు. మొదటి ఏడాది ఒక్క బడి చాలు. యూరప్ టీచర్లు 2005 నుంచి ఈ-ట్విన్నింగ్ అని, బడులను ఇంటర్నెట్‌లో జతకలిపే ఏర్పాటు గురించి గొప్పగా చెబుతారు కానీ అది యూరప్‌కీ దాని ఇరుగుపొరుగుకీ మాత్రమే.

ఇక క్యాలెండర్. అందరూ దెబ్బతినేది ఇక్కడే. మనకు బడి జూన్‌లో తెరిస్తే జపాన్‌లో ఏప్రిల్‌లో, టర్కీలో సెప్టెంబర్‌లో, బ్రెజిల్‌లో ఫిబ్రవరిలో మొదలవుతుంది. జూలైలో నువ్వు ఉత్సాహంగా మెయిల్ కొడితే సగం దేశాల్లో చూసేవాడే ఉండడు. మనకు దసరా సెలవులయ్యాక డిసెంబర్ మూడో వారం దాకా దొరికేదే అసలు కాలం. తర్వాత వాళ్లకు క్రిస్మస్, మనకు సంక్రాంతి, ఆపైన పదో తరగతి స్పెషల్ క్లాసులు. అప్పుడు నువ్వు నీకే దొరకవు. లైవ్ వీడియో మీద మోజు పెట్టుకోకు. తైవాన్ మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి మనకు పది కొట్టేసరికి వాళ్లకు పన్నెండున్నర, భోజనాల వేళ. అమెరికా సంగతి సరేసరి. చివర్లో ఒక్కసారి, కరెంటు ఉన్న రోజున, చేతులు ఊపుకుంటే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి జవాబు. పత్రిక సరిగా రాకపోయినా పిల్లలు మరిచిపోతారు, జవాబు రాకపోతే మరిచిపోరు. ఒక ఏడాది మా పరీక్షలొచ్చి మూడు వారాలు నేను ఏమీ పంపలేదు. ఎందుకు పంపడం లేదో కూడా రాయలేదు. తర్వాత తెలిసింది, అక్కడి క్లాసులో బోర్డు మీద రోజులు లెక్క వేసి గీతలు గీశారట. దాని ఫోటో పంపింది ఆ టీచరమ్మ. నిష్ఠూరమేమీ ఆడలేదు, ఫోటో మాత్రమే. అప్పటినుంచి పని అయినా కాకపోయినా ప్రతి శుక్రవారం రెండు లైన్లు రాసేవాణ్ని, ‘పరీక్షలు, వచ్చే శుక్రవారం పంపుతాం’ అని. ఇంకొకటి: ఏ పిల్ల ఎవరికి రాసింది, ఎవరికి జవాబు వచ్చిందని గోడమీద ఒక పట్టిక పెట్టు. ఎవరికీ జవాబు రాని పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది. అవతలి టీచరుకు రాసి ఆ పిల్లకు రెండు వాక్యాలైనా రాయించు.

పోస్టులో వస్తువులు కూడా పంపుకోండి. ఐఎర్న్‌లోనే టెడ్డీబేర్ ప్రాజెక్టు అని ఉంది. రెండు బడులు ఒక్కో బొమ్మను పంపుకుంటాయి, అక్కడికి వెళ్లిన బొమ్మ తను చూసిందంతా డైరీగా ఇంటికి రాస్తుంది. నువ్వైతే ఏటికొప్పాక బొమ్మ పంపొచ్చు కానీ ముందు ఆ దేశంలోకి కొయ్య రానిస్తారో లేదో కనుక్కో. నాకు ఈ పాఠం అష్టాచెమ్మా నేర్పింది. ఆస్ట్రేలియా బడికి గుడ్డ మీద గళ్లు కుట్టించి, కాయలు పెట్టి, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు కూడా వేసి పంపాం. ఆ దేశం విత్తనాల విషయంలో ఎంత కచ్చితంగా ఉంటుందో నాకు తెలియలేదు. అన్నీ చేరాయి, పిక్కలు తప్ప. వాటిని తీసేశామని కవర్లో ఒక కాగితం ఉందట. మా పిల్లలు నీరుగారిపోయారు. పది రోజులకు అక్కణ్నుంచి మెయిలొచ్చింది. మీ పిక్కకు రెండే ముఖాలు కదా, మేం నాలుగు నాణేలు ఎగరేసి ఆడుతున్నాం, బొమ్మ పడితే తెలుపు, బొరుసు పడితే నలుపు, సరేనా అని. ఇంతకీ నాలుగూ బొరుసు పడితే ఎనిమిదా నాలుగా అని వాళ్లడిగితే మా క్లాసులోనే రెండు ముఠాలైపోయాయి. ఆ ఏడాది పత్రికలో మంచి పేజీ అదే.

అచ్చు సంగతులు త్వరగా చెప్పేస్తాను. డీటీపీ అతనికి యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో, కొట్టమని ముందే చెప్పు. పాత ఫాంట్లలో కొట్టిన ఫైలు అవతల తెరిస్తే అంతా అర్థంకాని పిచ్చిగీతలే. పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకో, మధ్యలో పిన్ను కొట్టాలి కదా. పిల్లల ఇంటిపేర్లు, ఊరు, ఒంటరి ఫోటోలు వెయ్యకు. పేరూ తరగతీ చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కాగితం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకో. పిల్లల కథలు స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో పెట్టాలనుకుంటే బాగుంటుంది. 2015లో ప్రథమ్ బుక్స్ పెట్టిందది, తెలుగులోకి అనువాదాలు కూడా చెయ్యొచ్చు. కాకపోతే అక్కడ పెట్టినదాన్ని, రాసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ ముక్క ఇళ్లల్లో ముందే చెప్పు.

ఆవిష్కరణ సభ పెడతామని మీ హెడ్మాస్టరుగారు అంటారు. అననీ. శాలువాలు ఆయన చూసుకుంటారు. నువ్వు మాత్రం ప్రతి పిల్లకూ ఒక కాపీ ఇంటికి వెళ్లేలా చూడు, బీరువాలో పెట్టి తాళం వెయ్యనివ్వకు.

మీ పిల్లలు రాసిన మొదటి జవాబులు దిద్దకుండా నాకు పంపు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినా చాలు. మొన్ననే కళ్లజోడు మార్చాను, పెన్సిల్ రాత కూడా కనిపిస్తోంది.

ఆశీస్సులతో,
మాస్టారు