టెక్ సందేహాలు: పాత నంబరు పోకుండా ల్యాండ్‌లైన్ మార్చుకోవడం ఎలా?

ఈసారి ప్రశ్నలన్నీ ల్యాండ్‌లైన్ గురించే. ఇంట్లో నలుగురికీ నాలుగు సెల్‌ఫోన్లున్నా హాల్లో ఉన్న ఫోన్ తీసేయడానికి చేతులు రావడం లేదని రాసినవాళ్లే ఎక్కువ. తీసేయక్కర్లేదు. కాకపోతే ఎక్స్ఛేంజీ నుంచి రాగి తీగ మీద వచ్చే ఫోన్ కాస్తా, ఫైబర్ అనే గాజు తీగ మీద నెట్ తెచ్చే డబ్బాకు (మోడెం) తగిలించిన ఫోన్ అవుతుంది. ఫోన్ సెట్టు అదే, మోగే గంట అదే గానీ లోపల జరిగే పని పూర్తిగా వేరు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మానాన్నలు పాతికేళ్లకు పైగా ఒకటే బీఎస్ఎన్ఎల్ నంబరు వాడుతున్నారు. వాన పడితే చాలు, లైన్లో గరగర. లైన్‌మన్ వచ్చి "కేబుల్ పాడైంది, ఇక బాగయ్యేది కాదు, ఫైబర్ తీసుకోండమ్మా" అంటున్నాడు. ఈలోగా ఒక ప్రైవేటు కంపెనీ కుర్రాడు వచ్చి నెట్, ఫోన్ కలిపి ఇంకా తక్కువకే ఇస్తామన్నాడు. నంబరు మాత్రం మారకూడదని నాన్న పట్టుబడుతున్నారు. ఏది తీసుకోమంటారు?

నంబరే ముఖ్యమైతే బీఎస్ఎన్ఎల్ ఫైబరే తీసుకోండి. సెల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది కదా, ల్యాండ్‌లైన్‌కూ అంతే అనుకుంటారు చాలామంది. మన దేశంలో ల్యాండ్‌లైన్‌కు ఆ వీలు లేదు. ఎస్టీడీ కోడ్ తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి. అది 2 అయితే బీఎస్ఎన్ఎల్, 4 అయితే ఎయిర్‌టెల్. ఆ వరసలోని నంబర్లన్నీ ఆ కంపెనీవే. ప్రైవేటు కంపెనీ నెట్‌తోపాటు ఫోన్ కనెక్షన్ కూడా ఇస్తుంది, నంబరు మాత్రం కొత్తది వస్తుంది. అప్పుడు గ్యాస్ బుకింగు, బ్యాంకు, ఎల్ఐసీ, నాన్నగారి పెన్షన్ కాగితాలు, ఇవి కాక పెళ్లి శుభలేఖల్లో చూసి ఫోన్ చేసే బంధువులు... అందరికీ చెప్పుకుంటూ పోవాలి. నెలకు వంద మిగులుతుందని పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దనే నేనంటాను.

బీఎస్ఎన్ఎల్‌లోనూ ఒక మెలిక ఉంది. ఊళ్లలో ఫైబర్ లాగి బిగించే పని చాలాచోట్ల బీఎస్ఎన్ఎల్‌తో ఒప్పందం ఉన్న స్థానిక కేబుల్ ఆపరేటర్లదే. వాళ్లు తొందరలో "కొత్త కనెక్షన్" అని ఎక్కించేస్తే కొత్త నంబరు వచ్చి కూర్చుంటుంది. అందుకని దరఖాస్తులోనే "ఉన్న ల్యాండ్‌లైన్‌ను ఫైబర్‌కు మార్చాలి, పాత నంబరే ఉంచాలి" అని రాయించి, పాత నంబరు వేయించి, ఆ కాగితాన్ని సెల్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పాత లైన్ సరెండర్ చేస్తున్నట్టు వేరే కాగితం మీద సంతకం అడిగితే అప్పుడే పెట్టకండి. నంబరు ఫైబర్ మీద మోగడం చూశాకే మిగతా సంగతి.

బిగించే రోజు మీరు గానీ, కాస్త తెలిసినవాళ్లు గానీ దగ్గరుండాలి. నెట్ వచ్చింది కదా అని కుర్రాడు సామాను సర్దేసుకుంటాడు. వెళ్లనివ్వకండి. మీ సెల్ నుంచి ఇంటి నంబరుకు ఒకసారి, ఇంటి ఫోన్ నుంచి సెల్‌కు ఒకసారి చేయించండి. అవతలివాళ్లకు మీ పాత నంబరే కనిపిస్తోందో లేదో కూడా చూడండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి ఉన్నదే. ఫైబర్‌కు మారినా అది తప్పదు. అమ్మగారి ఫోన్లో స్పీడ్ డయల్‌కు ఎక్కించిన నంబర్లుంటే వాటికీ సున్నా ఉందో లేదో చూసుకోండి.

ఇక అసలు సంగతి కరెంటు. పాత ఫోన్ కరెంటు పోయినా ఎందుకు పనిచేసేదో తెలుసా? ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ రాగి తీగ మీదే మీ ఇంటిదాకా వచ్చేవి. గాజు తీగలో వెలుతురు వస్తుంది గానీ కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ మోడెం ఆగిపోతుంది, దాంతోపాటే ఫోనూ మూగబోతుంది. ఇన్వర్టర్ ఉంటే మోడెం ప్లగ్గును ఆ లైన్లో పెట్టించండి. లేకపోతే రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ కొనండి. కొనేముందు మోడెం అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, ఆంపియర్లు మాత్రం 1, 1.5, 2 అని రకరకాలు. యూపీఎస్ వోల్టులు అచ్చం అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. మీది కార్డ్‌లెస్ ఫోనైతే దాని కింది బేస్‌కూ కరెంటు కావాలి. పెద్దవాళ్లకు మామూలు తీగ ఫోనే మేలు, అది మోడెం నుంచే బతుకుతుంది.

కేబుల్ అబ్బాయిని ఇంకో మాట అడగండి: ఇంటిదాకా వచ్చేది ఫైబరేనా, లేక స్తంభం దాకా ఫైబర్ వచ్చి అక్కడ పెట్టెలోంచి ల్యాన్ వైరా (నెట్ తెచ్చే మామూలు రాగి తీగ)? ఇంటిదాకా ఫైబరైతే మధ్యలో సాధారణంగా కరెంటుతో నడిచే పెట్టెలేవీ ఉండవు. ల్యాన్ వైరైతే ఆ స్తంభం మీది పెట్టెకు కరెంటు పోయినప్పుడు మీ యూపీఎస్ ఎంత మంచిదైనా ఫోన్ రాదు.

మోడెం హాల్లో టీవీ పక్కన బిగిస్తారు, ఫోనేమో నాన్నగారి మంచం దగ్గర ఉంటుంది. కొత్త వైరు లాగక్కర్లేదు. ఇంట్లో పాత ఫోన్ వైరింగు ఉంటే దాన్నే వాడుకోవచ్చు. బయటి నుంచి వచ్చే రాగి తీగల జతను గోడకున్న రోజెట్ (ఫోన్ వైరు తగిలించే చిన్న డబ్బా) దగ్గర ముందు విడదీయించాలి. ఇది తప్పనిసరి. పాత తీగలో వోల్టేజీ ఇంకా ఉంటే మోడెం ఫోన్ పోర్టు దెబ్బతింటుంది. ఆ తర్వాత మోడెం నుంచి ఒక చిన్న వైరు ఆ రోజెట్‌కు కలిపితే లోపలి గదుల్లో ఫోన్లన్నీ మోగుతాయి. మరీ నాలుగైదు పెట్టకండి, రెండుకు మించితే గంట మోగడానికి కొన్ని మోడెంలకు బలం చాలదు. అటక మీద నల్లటి డయల్ తిప్పే ఫోన్ ఉంటే, ఫోన్ వచ్చినప్పుడు అది చక్కగా మోగుతుంది, మాట్లాడొచ్చు కూడా. కానీ దాన్నుంచి నంబరు తిప్పితే చాలా మోడెంలు పట్టించుకోవు, వాటికి బటన్ల టోన్ ఒక్కటే అర్థమవుతుంది.

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి: ఫైబర్ వచ్చి నెల. నెట్ పరుగులు పెడుతోంది. ఫోన్లో మాత్రం చప్పుడే లేదు, డయల్ టోన్ కూడా రాదు. కంపెనీవాళ్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అంటున్నారు.

మోడెం వెనక చూడండి. ల్యాన్ అని రాసి ఉన్న సందులు, వాటి పక్కన టెల్ లేదా ఫోన్ అని రాసి ఉన్న సందు ఉంటాయి. ఫోన్ వైరు కొస చిన్నది కాబట్టి ల్యాన్ సందులోకీ హాయిగా దూరిపోతుంది, కానీ అక్కడ పనిచేయదు. సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి.

వైరు సరిగ్గానే ఉంటే ముందువైపు టెల్ లైటు చూడండి. నెట్ లైటు వెలుగుతూ ఇది ఆరిపోయి ఉంటే, మీ ఫోన్ కంపెనీ సర్వరులో నమోదు కావడం లేదన్నమాట. నెట్ వచ్చే దారి వేరు, మాట వెళ్లే దారి వేరు, రెండూ ఒకే గాజు తీగలో ఉన్నా సరే. ఒకే రోడ్డు మీద అంబులెన్సుకు వేరే లేన్ గీసినట్టు. ఆ లేన్ వివరాలు, మీ నంబరుకు సంబంధించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మోడెంలో కంపెనీవాళ్లే ఎక్కిస్తారు. ఈ నెలలో ఎవరైనా పిన్ను పెట్టి రీసెట్ బటన్ నొక్కారా? నొక్కి ఉంటే ఆ వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోయి ఉండొచ్చు. కరెంటు ఆపి పెట్టడం రీస్టార్ట్, దాంతో నష్టం లేదు. పిన్ను పెట్టి నొక్కడం వేరు, ఆ జోలికి పోకండి. ఆన్‌లైన్లో సొంతంగా మోడెం కొని పెట్టుకున్నవాళ్లకూ ఇదే సమస్య. నెట్ వరకు సెట్ చేసి ఇస్తారు, ఫోన్ సంగతి మరిచిపోతారు.

ఫిర్యాదు చేసేటప్పుడు "ఫోన్ పనిచేయడం లేదు" అనకండి. "వాయిస్ రిజిస్టర్ కావడం లేదు, టెల్ లైటు ఆరిపోయి ఉంది" అనండి. నెట్ బాగుందని వాళ్లు చేతులు దులుపుకునే వీలుండదు. ఇంకా వేగం ప్లాన్ తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఒక కాల్‌కు కావలసింది అటూ ఇటూ సెకనుకు సుమారు 100 కిలోబిట్లు. 30 ఎంబీపీఎస్ ప్లానే దానికి చాలా ఎక్కువ.

విజయవాడ నుంచి: జియో ఫైబర్ ఫోన్‌కు వచ్చే కాల్స్ నా సెల్‌లో మోగించుకోవచ్చా? వాట్సాప్ నుంచి ల్యాండ్‌లైన్‌కు కాల్ ఎందుకు వెళ్లదు?

మోగించుకోవచ్చు. జియోజాయిన్ యాప్ వేసుకుని ఇంటి ఫోన్ నంబరు ఇస్తే, మీరు రిజిస్టర్ చేసిన సెల్‌కు ఓటీపీ వస్తుంది. మొదటిసారి సెట్ చేసేటప్పుడు ఇంటి వైఫైలోనే ఉండండి. ఆ తర్వాత యాప్ నుంచి చేసిన కాల్ ఇంటి నంబరుతోనే వెళ్తుంది. సెల్‌లో బ్యాటరీ ఆదా సెట్టింగు ఈ యాప్‌కు ఆపేయాలి, లేకపోతే స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికే యాప్ నిద్రపోయి కాల్స్ తప్పిపోతాయి.

వాట్సాప్ తన ఖాతాల మధ్య మాత్రమే కాల్ కలుపుతుంది, ఫోన్ నెట్‌వర్కులోకి వెళ్లదు. యాప్ నుంచి మామూలు నంబర్లకు కాల్ చేసే ఇంటర్నెట్ టెలిఫోనీ సేవ మన దేశంలో లైసెన్సున్న టెలికాం కంపెనీలే ఇవ్వాలి, దానికి 2018లో దారి తెరిచారు.

ఇంగ్లాండు, బర్మింగ్‌హామ్ నుంచి: మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆపదలో సాయం కోసం నొక్కడానికి ఆవిడ మెడలో ఉండే అలారం బటన్ ల్యాండ్‌లైన్‌తో పనిచేస్తుంది. పాత లైన్లన్నీ తీసేసి డిజిటల్ చేస్తున్నామని ఇక్కడి ఫోన్ కంపెనీ బీటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పుకోవాలా?

ఒప్పుకోక తప్పదు గానీ తొందరపడకండి. బ్రిటన్‌లో రాగి తీగ మీది పాత ఫోన్ వ్యవస్థను 2025 చివరికే ఆపేద్దామనుకున్నారు. మీలాంటి ఇళ్లు ఎక్కువ ఉండటంతో గడువును 2027 జనవరి చివరికి జరిపారు. ముందు చేయాల్సింది ఫోన్ కంపెనీకి, అలారం సంస్థకు ఇద్దరికీ ఈ బటన్ సంగతి చెప్పడం. అలారం కొత్త లైన్ మీద పనిచేస్తుందని ఖాయం చేసుకోకుండా, అది వాడేవాళ్లను మార్చబోమని 2023 డిసెంబరులో అక్కడి పెద్ద కంపెనీలు ప్రభుత్వానికి మాట ఇచ్చాయి. ఆ మాట పనికిరావాలంటే మీ ఇంట్లో అలారం ఉందని వాళ్లకు తెలియాలి కదా.

పాత అలారం పెట్టె డిజిటల్ లైన్ మీద పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. అలారం సంస్థవాళ్లనే అడిగి, మార్చాల్సి వస్తే సిమ్ కార్డుతో నడిచేది తెప్పించుకోండి. లైన్ మారిన రోజే ఆవిడ చేత బటన్ నొక్కించి అవతల మనిషి పలికేదాకా ఉండండి. కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయగలిగే ఏర్పాటు, ల్యాండ్‌లైనే ఆధారమైనవాళ్లకు కంపెనీ ఇవ్వాలన్నది అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమం. అడిగి బ్యాటరీ తీసుకోండి. ఒక్క విషయంలో మీరు మాకంటే అదృష్టవంతులు. అక్కడ ల్యాండ్‌లైన్ నంబరుతో సహా కంపెనీ మారొచ్చు. మారేటప్పుడు పాత కనెక్షన్‌ను మీరే ముందు రద్దు చేయకండి, నంబరును కొత్త కంపెనీ చేతే తెప్పించుకోవాలి. ముందే రద్దు చేస్తే నంబరు పోవచ్చు.

గుంటూరు నుంచి, ఒక ల్యాబ్ నిర్వాహకుడు: ఫైబర్‌కు మారాక ఫ్యాక్స్ సగం పేజీలోనే ఆగిపోతోంది.

ఫ్యాక్స్ యంత్రం సెట్టింగుల్లో వేగం 9600కు తగ్గించండి, తప్పులు దిద్దే ఈసీఎం ఆపి చూడండి. మీ కంపెనీ టీ.38 (నెట్ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) ఇస్తుంటే అది ఆన్ చేయమనండి. అయినా ఆగిపోతుంటే స్కాన్ చేసి మెయిల్ పంపడమే దారి.

నిజామాబాద్ నుంచి: మా తాతగారికి ఫోన్ వచ్చింది. "టెలికాం శాఖ నుంచి మాట్లాడుతున్నాం, మీ ల్యాండ్‌లైన్ రెండు గంటల్లో కట్ అవుతుంది, ఫైబర్‌కు మారాలంటే 9 నొక్కండి" అన్నారు. ఆయన నొక్కేశారు.

నొక్కినంత మాత్రాన డబ్బు పోదు. ఆ తర్వాత లైన్లోకి వచ్చినవాడికి ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు వివరాలు చెప్పారేమో కంగారు పెట్టకుండా అడగండి. చెప్పి ఉంటే ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. టెలికాం శాఖ గానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గానీ లైన్ కట్ చేస్తామని ఎవరికీ ఫోన్ చేయవు. ఏమీ చెప్పకపోతే టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్లో చక్షు అనే విభాగంలో ఆ నంబరు, తేదీ, సమయం నమోదు చేయండి. తాతగారి ఫోన్‌కు కాలర్ ఐడీ తెర లేకపోతే అది ఉన్న సెట్టు కొనిపెట్టండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొత్త లైన్లో కాలర్ ఐడీ పనిచేసేలా చూడమని కంపెనీకి కూడా చెప్పండి.