బేసిక్ తగ్గిస్తే మిగిలేదెంత? పీఎఫ్ ప్రోత్సాహకం మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది చీరాలలో నైటీల కుట్టు యూనిట్ అండి, పీఎఫ్‌లో 23 మంది ఉన్నారు. ఆర్డర్లు పెరిగాయి, ఇంకో నలుగురు అమ్మాయిల్ని నెలకి 14 వేల మీద తీసుకుందామనుకుంటున్నా. కొత్తవాళ్లని పెట్టుకుంటే గవర్నమెంటే మనకి ఎదురు డబ్బులిస్తుందంట, నిజమేనా? మా అకౌంటెంట్ ఏమో బేసిక్ 9 వేలే చూపించి మిగతాది అలవెన్సుల్లో పెడదాం, పీఎఫ్ తగ్గుద్ది అంటున్నాడు.

జవాబు: నిజమేనండి. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అని, 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు చేరినవాళ్లకి వర్తిస్తుంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా పెట్టుకోవాలి, 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఐదుగురిని. మీరు నలుగురంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు, కాకపోతే ఇటు నలుగురు చేరి అటు పాతవాళ్లు ముగ్గురు మానేస్తే మీకు పెరిగింది ఒక్కరే, అది గుర్తుపెట్టుకోండి. చేరినవాళ్లు ఆరు నెలలైనా నిలబడాలి.

ఇక మీ అకౌంటెంట్ లెక్క చూద్దాం. 9 వేల మీద మీ వాటా 12 శాతం అంటే 1,080, ఇన్సూరెన్సు, అడ్మిన్ ఛార్జీలు చెరో అర శాతం కలిపితే 1,170. అదే 14 వేల మీదైతే 1,820. సరే, మనిషికి 650 మిగిలిందనుకున్నాడు పాపం. కానీ ఈ ప్రోత్సాహకం ఇచ్చేది పీఎఫ్ జీతాన్ని, అంటే పీఎఫ్ కోత లెక్కకి చూపించే జీతాన్ని బట్టి. 10 వేల వరకు అయితే మనిషికి నెలకి వెయ్యి దాటదు, అదీ జీతాన్ని బట్టి తగ్గుద్ది, 10 వేలు దాటి 20 వేల వరకు నెలకి 2,000, ఆపైన లక్ష వరకు 3,000. అంటే 650 మిగుల్చుకోబోయి వెయ్యికి పైగా వదులుకుంటున్నారన్నమాట! 14 వేలూ చూపిస్తే మీరు కట్టే 1,820 కన్నా వచ్చే 2,000 ఎక్కువ. మామూలుగా ఇది రెండేళ్లు, మీది తయారీ యూనిట్ కాబట్టి మూడు, నాలుగో ఏడు కూడా వస్తుంది.

అమ్మాయిలు మాత్రం గొణుగుతారు, చేతికొచ్చేదాంట్లో 600 తగ్గుద్ది కదా (వాళ్ల కోత 1,080 నుంచి 1,680 అవుద్ది). దానికీ జవాబుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరేవాళ్లకి ఒక నెల పీఎఫ్ జీతం, 15 వేలు మించకుండా, గవర్నమెంటే రెండు విడతల్లో ఇస్తుంది, ఆరు నెలలకి ఒకటి, ఏడాది నిండాక చిన్న ఆర్థిక అక్షరాస్యత కోర్సు చేస్తే రెండోది. బేసిక్ 14 వేలుంటే 14 వేలు, 9 అయితే 9. ఇంతకుముందు ఎక్కడో పనిచేసి యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఉన్నవాళ్లకి ఇది రాదు గానీ మీ ప్రోత్సాహకానికి వాళ్లూ లెక్కలోకొస్తారు.

కొత్త యూఏఎన్ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకుండాలి. మీ డబ్బులు పాన్‌తో లింకైన ఖాతాలో పడతాయి. ఈసీఆర్ (నెలవారీ పీఎఫ్ రిటర్ను) మాత్రం ప్రతి నెలా 15 లోపు వేసేయండి.

ప్రశ్న: వరంగల్‌లో మాకు బేకరీ ఉంది, ఆడిట్ అవుతుంది. కొత్త స్టాఫ్ జీతాలకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా ఏదో తగ్గింపు ఉందంటున్నారు?

జవాబు: ఉంది. పాత చట్టంలో 80జేజేఏఏ సెక్షన్ అనేవాళ్లు, 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో నంబర్ మారింది, సంగతి అదే. అదనంగా చేరినవాళ్ల జీతాల్లో 30 శాతం, మూడేళ్లపాటు మినహాయింపు. ముగ్గురు కుర్రాళ్లు 18 వేల చొప్పున ఏడాదంతా చేశారనుకోండి, జీతాలు 6,48,000, దాంట్లో 1,94,400 ఆదాయంలోంచి తీసేయొచ్చు, ఆ జీతాల ఖర్చు ఎలాగూ రాసుకున్నాక ఇది దానిపైన అదనం. మనిషి జీతం నెలకి 25 వేలు దాటకూడదు, పీఎఫ్‌లో ఉండాలి, 240 రోజులు పనిచేసి ఉండాలి. ఈ ఏడు మధ్యలో చేరి 240 నిండకపోయినా వచ్చే ఏడు నిండితే అప్పటినుంచి లెక్కేస్తారు. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. శనివారం శనివారం గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చే అలవాటుంటే ఈ నెల నుంచే మానేయండి, ఆడిటర్ గారు రిపోర్టు మీద సంతకం పెట్టేముందు మొదట అడిగేది అదే.